కత్తిరింపులు

"ఆ పాట ఉంటే నేనుండను. ఆ మాట ఆవిడగారికి చెప్పండి బాబాయ్."

అలా అని అక్క స్టూడియో సోఫాకి ఈ చివర కూచుంది. ఆవిడగారు అంటే మరెవరో కాదు, చెల్లెలు. అదే సోఫాకి ఆ చివర, గోడకేసి చూస్తూ కూచుని ఉంది.

"ఆ పాట తీసేస్తే అసలు ఆల్బమే వద్దని మీరూ చెప్పండి బాబాయ్," అంది గోడతో.

బాబాయ్ వీళ్ళకి చుట్టమేం కాదు, సౌండ్ ఇంజనీరు. ఈ అక్కాచెల్లెళ్ళ పాటలన్నీ ఆయన చేతి మీదుగానే బయటికెళ్ళాయి. తలుపు కిర్రుమన్న చప్పుడు, బ్యాగు జిప్పు లాగిన చప్పుడు, కుక్కరు ఈల, ఏది దొరికితే అది కలిపి పాట కట్టడం వీళ్ళ పద్ధతి. మొదట్లో ఇదేం సంగీతమని ముక్కు విరిచినవాళ్ళే ఇప్పుడు వీళ్ళ పాటంటే చెవి కోసుకుంటున్నారు. ఆ ధైర్యంతోనే, ఇదివరకటి ఆల్బమ్‌లలో ఇమడక పక్కన పడేసిన ముక్కల్నీ, పాత పాటల రీమిక్సుల్నీ ఒకచోట చేర్చి 'కత్తిరింపులు' అని కొత్త ఆల్బమ్ వేస్తున్నారు. సాయంత్రంలోగా పంపించేయాలి. అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఈ ఒక్క పాట దగ్గరే బండి ఆగింది.

"పొద్దున్నించీ ఏమైనా తిన్నారా అసలు?" మాట మారుద్దామని అడిగాడు బాబాయ్.

"ఏం తింటాం? టీ పెడుతుంటే ఈ గొడవ మొదలెట్టింది. పాలు కాగేదాకా కూడా ఆగలేదు మహాతల్లి, తాళంచెవి తీసుకుని బయల్దేరింది. నేను వెనకాల పరిగెత్తాను," అంది అక్క.

"ఎవరు పరిగెత్తమన్నారో అడగండి. దారంతా నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇకమీదా మాట్లాడను. అదీ చెప్పండి."

ఇటు చెప్పి అటు చెప్పి బాబాయ్‌కి మెడ పట్టేసింది. బిస్కెట్ల డబ్బా తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాడు. ఇద్దరూ ఒకేసారి చెయ్యి పెట్టి, ఒకేసారి వెనక్కి లాక్కున్నారు.

"ఇంతకీ ఆ పాట చేసిన తప్పేంటమ్మా?"

"తప్పేంటా?" అక్క ఇటు తిరిగి కూచుంది. "అది ఎలాంటి పాట బాబాయ్. ఇంట్లోనే మైకు ముందు కళ్ళు మూసుకుని, ప్రాణం పెట్టి పాడుతున్నాను. సరిగ్గా చరణం మధ్యలో నాకు వంటింట్లో స్టవ్ గుర్తొచ్చింది. స్టవ్ ఆపావా అని అరిచాను. ఇల్లన్నాక అడుగుతాం. అంతవరకూ కోసేసి మిగతాది వాడుకోవాలి కదా? ఆవిడ తిరగేసి చేసింది. నా పాటంతా కోసి పారేసి, ఆ ఒక్క మాట ఉంచింది. దాన్నే సాగదీసి, ముక్కలు చేసి, కుక్కరు ఈల తగిలించి, ఏకంగా ఒక పాట చేసి కూచుంది. ఇన్నేళ్ళు నేను సాధన చేసింది స్టవ్ గురించి అడగడానికా?"

బాబాయ్‌కి నవ్వొచ్చింది. దగ్గు కింద మార్చుకున్నాడు.

"చూశారా, మీరే నవ్వుతున్నారు. రేపు అందరూ ఇలాగే నవ్వుతారు." అక్కది కోపం కాదు, నిజంగానే బాధపడుతోంది.

చెల్లెలు గోడని వదిలి బాబాయ్‌కేసి తిరిగింది.

"నవ్వితే నవ్వనివ్వండి. గడప దాటే ముందు రోజూ అక్క అడిగేది ఆ మాటే. ఆపానక్కా అని నేనంటాను. అప్పుడే మా ఇంటికి తాళం పడుతుంది. చరణాలు ఎవరైనా పాడతారు బాబాయ్. ఆ మాట అలా అడగడం మాత్రం మా అక్కకే వచ్చు. మా అక్క ఆ మాటలోనే ఉంది. అందుకే ఉంచాను."

అక్క డబ్బాలోంచి ఒక బిస్కెట్ తీసుకుని కొరికింది. ఆమాత్రం మెత్తబడటమే గొప్ప అనుకున్నాడు బాబాయ్.

"సరే, చివరిసారి వినిపిస్తాను. విన్నాక ఉంచమంటే ఉంచుతాను, తీసేయమంటే తీసేస్తాను. విడిపోయే మాట మాత్రం నా స్టూడియోలో ఎత్తకండి."

పాట మొదలైంది. ముందు కుక్కరు ఈల, సన్నగా. దాని మీద అక్క గొంతు, "స్టవ్ ఆపావా?" ఎక్కడో దూరంగా చెల్లెలు, "ఆపానక్కా." మళ్ళీ ఇంకాస్త దగ్గరగా, "స్టవ్ ఆపావా?"

అక్క మొహం ముడుచుకునే వింది. కాసేపటికి ఆవిడ పాదం తనంతట తనే తాళం వేయడం మొదలెట్టింది. అది చూసి చెల్లెలు పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. అంతలో ఉన్నట్టుండి ఆ పాదం ఆగిపోయింది. అక్క చేతిలో బిస్కెట్ చేతిలోనే ఉంది, కళ్ళు పెద్దవయ్యాయి. పాట మనసుకి తగిలింది, ఇక ఫరవాలేదు అనుకున్నాడు బాబాయ్.

"ఉంచండి," అంటూ లేచి నిలబడింది అక్క. "అన్నిటికన్నా ముందు ఆ పాటే పెట్టండి బాబాయ్. ఇంత పనికొచ్చే పాట నేను జన్మలో వినలేదు."

అని చెల్లెలి వైపు తిరిగింది. పొద్దున్నించీ తిన్నగా చెల్లెలితో మాట్లాడటం అదే మొదలు.

"ఏమే, స్టవ్ ఆపావా?"

స్పీకరులో చెల్లెలు "ఆపానక్కా" అంటూనే ఉంది. సోఫాలో ఉండాల్సిన చెల్లెలు మాత్రం అప్పటికే చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగుతోంది.