మందు వేయని గిన్నె

తప్పులుంటే మన్నించండి. మా ఆయన పోయాక, యాభై ఎనిమిదో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. ఈ కాస్త రాయడానికే మూడు రోజులు పట్టింది.

నా కూతురు కెజియా ఒంట్లో ఒక ప్రోటీను తయారు కాదు. అందుకే దాని కాళ్లు చచ్చుబడిపోయాయి. నేను ఊడ్చే ఆత్మకూరు ల్యాబులో శ్రీవిద్యమ్మ ఆ ప్రోటీనుకు పచ్చగా మెరిసే రంగు తగిలించి, కంటికి కనపడని గుళికల్లో పెట్టింది. కణంలోకి చేరాక గుళిక కరిగిపోతుంది, ప్రోటీను లోపల మిగులుతుంది.

కెజియా చర్మం నుంచి తీసిన కణాలను ఆమె రెండు గిన్నెల్లో పెంచింది. ఒకదాంట్లోనే గుళికలు వేసింది. పోయిన వారం ఒక రాత్రి దీపాలార్పి నన్ను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది.

"చూడు సువార్తమ్మా, లోపలికి పోయినాయి!"

"అబ్బ, మిణుగురుల మాదిరి ఉండాయి! నా బిడ్డ లేస్తాదా అమ్మా?"

"ముందు నువ్వు ఎగరడం ఆపు, బల్ల ఊగుతుండాది" అని నవ్వుతూ రెండో గిన్నె పెట్టింది. చూస్తూనే ఆమె నవ్వు ఆగిపోయింది. అదీ మెరుస్తోంది, మొదటిదానికంటే ఎక్కువగా.

"దీంట్లో నేనేమీ వెయ్యలేదే" అంది.

అంతలో నా ఫోను మోగింది. ఇంట్లో మంచం మీదున్న కెజియా.

"అమ్మా, కరెంటు పోయినాది. అయినా దుప్పటి కింద నా కాళ్లు కనపడతా ఉండాయి, పచ్చగా! వేళ్లు కదులుతుండాయి మా!"

నేను సంతోషంతో కేక పెట్టాను.

"అమ్మా, ఉండు" అంది మెల్లగా. "నేను కదిలించడంలా."

సువార్తమ్మ, అరవై ఒక్క ఏళ్లు. ఇప్పుడు ఉండేది అనంతసాగరం.