పన్నెండు నిమిషాల రాయి

“బాబాయ్! కళ్లు తెరవండి. మీ సాక్ష్యం కోసమే అందరం ఆగాం.”

తెలుగు మాస్టారు భుజం తట్టడంతో పెద్దాయన ఉలిక్కిపడి లేచాడు. కుర్చీ కనిపిస్తే చాలు, కునుకు తీసే మనిషి. రైల్వేలో ముప్ఫయ్యేళ్లు పనిచేసినా ఊళ్లో ఆయనకు మిగిలిన పేరు కునుకు తాతయ్యే. ఆ పేరు విని అందరికంటే ముందు నవ్వేదీ ఆయనే.

స్టేషన్ ముందున్న పాత రాయి పగుళ్లిచ్చింది. దాని స్థానంలో కొత్తది నిలబెడుతున్నారు. మాస్టారు కాగితం తీసి చదివాడు.

“‘ఈ స్టేషన్లో ఎన్నడూ ఆగని బండిని, మన ఊరి మీద ప్రేమతో ఆపించి, మహానాయకుడు పన్నెండు నిమిషాలు ప్రసంగించిన చోటు.’ దీని కింద ప్రత్యక్ష సాక్షిగా మీ పేరు చెక్కిస్తాం. ఆనాటి వాళ్లలో మిగిలింది మీరొక్కరే.”

పెద్దాయన భార్య ముఖం వెలిగిపోయింది. “ముప్ఫయ్యేళ్ల ఉద్యోగంలో చెక్క మీద కూడా ఈయన పేరు రాసిన పాపాన పోలేదు ఎవరూ. ఇన్నాళ్లకి ఏకంగా రాయెక్కుతున్నారు!” అంది.

ఆశ ఆయనకూ ఉంది. ఆ రాయి పక్కనుంచి వెళ్లినప్పుడల్లా తన పేరు ఏ మూల పడితే బాగుంటుందో కంటితో కొలిచేవాడు. సిగ్గులేని కోరికని తనను తానే తిట్టుకుని, మర్నాడు మళ్లీ కొలిచేవాడు.

“ఒక్క ముక్క చెప్పండి చాలు. ఆయన ఏం మాట్లాడారు?”

“వినపడలేదు.”

“ఆ రోజు డ్యూటీ మీదేగా?”

“నాదే. సిగ్నల్ కేబిన్లో ఉన్నాను.”

“కేబిన్ నుంచి పట్టాలు నలభై అడుగులు లేవు! పోనీ, మనిషి ఎలా ఉన్నారు?”

“చూళ్లేదు నాయనా. చూసేసరికి బండి కదిలిపోయింది.”

రాయి కొలతలు రాసుకుంటున్న మేస్త్రి కిసుక్కున నవ్వాడు. “చూడలేదు, వినలేదు. ఈయనేం సాక్షండీ?”

“నేనూ అదే అంటున్నా,” అన్నాడు పెద్దాయన. “నా పేరు పెడితే ఆ రాయి కూడా నవ్వుతుంది. వదిలెయ్యండి. కానీ మాస్టారూ, ‘ప్రేమతో ఆపించి’ అన్నది ఉండాల్సిందేనా?”

“అసలు సంగతి అదే కదా! దూరంగా చూసినా చాలని పట్టాల పక్కన నిలబడ్డ జనం కోసం బండి ఎవరాపుతారు? ‘మనకోసం ఆగాడ్రా’ అని మా నాన్న పోయేదాకా చెప్పుకుని మురిసిపోయాడు.”

పెద్దాయన కండువా సర్దుకుని కుర్చీలోంచి లేచాడు. “అయితే ఉండనీ,” అన్నాడు.

ఇంటికి వచ్చేదాకా భార్య సణుగుతూనే ఉంది. వస్తూనే గోడమీది ఫ్రేము తీసి ఆయన ఒళ్లో పెట్టింది. నాయకుడు వచ్చి వెళ్లిన నెలకు పై ఆఫీసు పంపిన మెప్పు కాగితం అది.

“ఇందులో ‘సమయస్ఫూర్తి చూపినందుకు’ అని రాసుంది. నలభై ఏళ్లుగా కొంగుతో తుడుస్తున్నాను. అక్కడేమో చూడలేదు, వినలేదు అంటారు. ఇంతకీ ఆ రోజు మీరు చేసిందేంటి?”

ఆయన కాగితం వంక చూసి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

“చెబితే మళ్లీ దీన్ని తుడవవు.”

“ముందు చెప్పండి.”

“బండికి సిగ్నల్ ఇవ్వకుండా నిద్రపోయానే.”