ఇంటి కింద ఇరుసులు

అదే వీధిలో ఉండే ముసలావిడ ఆర్ఫా మళ్ళీ మొక్కజొన్న రొట్టె పట్టుకొచ్చింది. ఆ గిన్నె మీద కప్పిన గళ్ళ గుడ్డ చూడగానే డెల్మార్‌కి ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

వేడిగా ఉన్నప్పుడే తినమని చెప్పి, గిన్నె గడప దగ్గరే ఇచ్చేసి వెళ్ళిపోయింది. ఆవిడ ఎప్పుడూ లోపలికి రాదు. వాకిట్లో ఉన్న, సామాను మోసే ట్రైలర్ బండి వైపు కన్నెత్తి కూడా చూడదు. ఎంత మంచి మనిషో అనుకుంటాడు డెల్మార్. అలా అనుకున్న ప్రతిసారీ ముద్ద గొంతు దిగదు.

దిగుతుందా మరి? ఆ ట్రైలర్ కింద ఉన్న ఇరుసులు ఆవిడ ఇంటివి. దొంగిలించింది తనే.

అమెరికాలో, అర్కాన్సా రాష్ట్రంలోని ఆ కాలనీలో ఇళ్ళన్నీ చక్రాల మీద లాక్కొచ్చి దించినవే. అద్దె స్థలంలో దిమ్మెల మీద కూర్చోబెట్టి, కింద ఖాళీ కనబడకుండా చుట్టూ రేకులు బిగించేస్తారు. ఇరుసులూ చక్రాలూ ఆ చీకట్లో అలాగే పడి ఉంటాయి. ట్రైలర్ కట్టుకోవాలనే బుద్ధి పుట్టినవాడికి తప్ప వాటి ఊసు ఎవరికీ పట్టదు. ఆ చుట్టుపక్కల గడ్డి మోస్తున్న ట్రైలర్లలో సగం, ఒకప్పుడు ఎవరి ఇంటినో మోసిన ఇరుసుల మీదే నడుస్తున్నాయి.

ఆర్ఫా భర్త వెర్లన్ చనిపోయిన ఏడాది, తుప్పు పట్టిన రేకులు మార్చిపెట్టమని ఆవిడ డెల్మార్‌ని పిలిచింది. పాత రేకు తీసి లోపలికి దూరితే రెండు ఇరుసులు కనిపించాయి. అప్పటికి కలప మిల్లు మూతపడి డెల్మార్ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు. ఈ ముసలావిడ ఇల్లు ఇంకెక్కడికి కదులుతుందిలే అనుకున్నాడు. తన ఇంటి కిందివి తీసుకోవచ్చు కదా అంటారా? తండ్రి పోయాక దక్కిన ఇల్లది. సొంత ఇంటి కాళ్ళు ఎవడు విరగ్గొట్టుకుంటాడు?

ఆదివారం, కాలనీ అంతా చర్చికి పోయిన పూట, ఆవిడ ఇంటి ఇరుసులు విప్పేసుకున్నాడు. తర్వాత కొత్త రేకులు ముచ్చటగా బిగించాడు.

ఆ ట్రైలరే సంసారాన్ని ఒడ్డున పడేసింది. గడ్డి, పాత ఫ్రిజ్‌లు, కూల్చిన కొట్టాల చెత్త, ఎవరు ఏది మోయమంటే అది మోశాడు. ఆర్ఫా రొట్టెలు తేవడం మొదలైంది కూడా అప్పటినుంచే. రేకులు బాగా వేసినందుకు కృతజ్ఞత కాబోలు అనుకుని సిగ్గుతో చితికిపోయాడు.

ఈ వేసవిలో ఆ స్థలం అమ్ముడుపోయింది. మంచు పడేలోగా ఎవరి ఇల్లు వాళ్ళు లాగించుకుపోవాలి. మిగిలిపోయిన ఇళ్ళను అక్కడే కూల్చేస్తారట. ఇళ్ళు లాగే హోబర్ట్ వచ్చి అందర్నీ పోగేసి చేతులెత్తేశాడు.

"నా దగ్గరున్న ఇరుసులు ఎప్పుడో అయిపోయాయి. కింద సొంతవి ఉంటేనే లాగుతా. లేనివాళ్ళు బుల్‌డోజర్ వాడితో మంచిగా ఉండండి."

అందరూ నవ్వారు. డెల్మార్ మాత్రం ఆర్ఫా ఇంటికి తను బిగించిన రేకుల వైపు చూశాడు.

వెర్లన్ మామ ఇంటికి చక్రాలు ఉండి తీరాలనేవాడు కాబట్టి మీకు దిగుల్లేదులే అన్నాడు హోబర్ట్, ఆర్ఫాతో.

"నా ఇంటి సంగతి నాకు తెలుసులే బాబూ. ముందు డెల్మార్ వాళ్ళది చూడు" అని ఆవిడ తల దించుకుంది.

పాపం, కింద ఉన్నాయనే ధీమా, అనుకున్నాడు డెల్మార్. తన ఇంటికి తొందరేం లేదని, ముందు మిగతావాళ్ళవి చూడమని హోబర్ట్‌కి చెప్పి, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికొచ్చేశాడు. ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు.

తెల్లవారగానే ట్రైలర్ విప్పడం మొదలుపెట్టాడు. చప్పుడుకి భార్య నెలా బయటికొచ్చింది.

"నీకేమైనా మతిపోయిందా? అది లేకపోతే ఏం తింటాం?"

"ఇన్నాళ్ళూ ఎవరిది తిన్నామో తెలుసా?" అని, ఇరుసుల సంగతంతా చెప్పేశాడు. నెలా వంగి రెండో స్పానర్ తీసుకుంది.

ఇద్దరూ కలిసి చక్రాలతో సహా ఆ ఇరుసుల్ని వీధి మధ్యలో దొర్లించుకుంటూ పోయారు. గుమ్మాల్లో కాఫీ తాగుతున్నవాళ్ళు కప్పులు దించి మరీ చూశారు. ట్రైలర్‌కి కాళ్ళు నొప్పులా అని ఎవరో వేళాకోళం ఆడారు. డెల్మార్ తలెత్తలేదు.

ఆర్ఫా మెట్ల మీద కూర్చుని చిక్కుళ్ళు వలుస్తోంది. డెల్మార్ టోపీ తీసి చేతిలో నలిపాడు.

"పిన్నీ, ఇవి మీ ఇంటివి. రేకులు మార్చినప్పుడు దొంగతనంగా విప్పుకుపోయాను. మీ చేతి రొట్టె తింటూ కూడా నోరు విప్పలేదు. మీరు ఏమన్నా పడతాను. ఇప్పుడే కింద బిగించేస్తాను, మీ ఇల్లు కదులుతుంది."

ఆవిడ చేతిలోని గిన్నె పక్కకి ఒరిగి చిక్కుళ్ళన్నీ మెట్ల మీద పడ్డాయి. ఏరుకోలేదు. మొహం కందిపోయింది. తిడుతుందేమోనని చూశాడు. ఆవిడ అరచేతులతో మొహం కప్పేసుకుంది.

"ఆ ఆదివారం నేను చర్చికి వెళ్ళలేదు, కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను నాయనా, ఇవి మీ నాన్న ఆసుపత్రిలో ఉండగా మా ఆయన మీ ఇంటి కింద నుంచి విప్పుకొచ్చినవే కదా, ఎలాగో తెలుసుకుని నీవి నువ్వు పట్టుకెళ్తున్నావనుకున్నాను."