ఏలియా చెయ్యి

బాప్తిస్మం తీసుకున్నాక తనకు కోపమే రాలేదని ఏలియా ప్రతి ఆదివారం చర్చిలో నిలబడి చెప్పేవాడు. రుద్రూర్ చెరకు తోటలో, పక్క సాలు నరుకుతున్న భోజన్నకూ అదే చెప్పాడు. భోజన్న నవ్వాడు.

"నీ దేవుడు మారిండు గని నువ్వు మారలే."

ఏలియా చేతిలోని కత్తి భోజన్న తొడలో ఎముక దాకా దిగింది.

రక్తం చిమ్మడం చూసి ఏలియా కత్తి ఎడమచేతికి మార్చుకుని, కుడిచెయ్యి చెరకు మోడు మీద పెట్టాడు.

"నా అసుంటి పాపి భూమ్మీద లేడు. ఈ చెయ్యి నాకొద్దు!"

"ఆగు!" భోజన్న అరిచాడు. "మంచోళ్లల్ల నువ్వే పెద్దోనివంటివి. పాపులల్ల గూడ నువ్వే పెద్దోనివా? గా చెయ్యి నరుక్కుంటే నన్నెవరు మోస్తరు?"

ఏలియా కత్తి పారేశాడు. తలగుడ్డ విప్పి గాయానికి బిగించి కట్టాడు. భోజన్నను వీపున వేసుకుని, బోధన్‌కు చెరకు బండ్లు పోయే బాటకేసి పరుగెత్తాడు. గంటసేపు ప్రార్థన చేయగల ఏలియాకు అప్పుడు ఒక్క మాటే వచ్చింది.

"ప్రభువా, నా మీద దయ సూడు."

"ఇద్దరి మీద అను," భోజన్న వీపు మీది నుంచి మూలిగాడు. "నిన్ను నరుకుదామని నేను గూడ కత్తి లేపిన. నీదే ముందు దిగింది."