పదిహేడో నమూనా

“పదిహేడు వదిలెయ్ తమ్ముడూ. ఆ గొట్టం సగం ఎండిపోయింది” అంది పెద్దక్క.

ల్యాబులో అందరికీ ఆవిడ పెద్దక్కే. ఎవరి కిడ్నీ ఎవరికి సరిపోతుందో డీఎన్ఏ పరీక్ష చేసి చెప్పడం ముప్పై ఏళ్లుగా ఆవిడ పని. డీఎన్ఏని జెల్ పలక మీద పరిస్తే పడే గీతలను కంటితోనే చదివేది. ఆవిడ చదివిందంటే ఇక తిరుగులేదు. ఇంతమంది రక్తంతో ఆడుకునే మనిషికి తన వేలికి సూది గుచ్చితే మాత్రం కళ్లు తిరిగేవి. ల్యాబులో అదో పాత జోకు.

ఇప్పుడు డీఎన్ఏని అక్షరం అక్షరం చదివే కొత్త మిషను వచ్చింది. పాత పద్ధతీ కొత్తదీ ఒకే మాట చెబుతున్నాయో లేదో తేల్చమని డాక్టరుగారు ఫ్రీజరులోంచి ముప్పై పాత నమూనాలు తీయించారు. గొట్టాల మీదా ఫైళ్లలోనూ అంకెలే తప్ప పేర్లుండవు. శుక్రవారం పెద్దక్క రిటైర్మెంటు. ఈలోగా తప్పు బయటపడితే ముప్పై ఏళ్ల మంచిపేరు మట్టిలో కలిసినట్టే.

“ముప్పైయ్యీ చెయ్యమన్నారు కదక్కా” అన్నాడు జూనియరు. అతనికి పని నేర్పింది ఆవిడే.

మధ్యాహ్నం పెద్దక్క క్యారేజీ విప్పింది గానీ ముద్ద దిగలేదు. అన్న పోయినప్పటినుంచీ వదినా తనూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఆ క్యారేజీ వదిన కట్టిందే. తినకుండా తీసుకెళ్తే ఆమె ఊరుకోదు.

మూడింటికి ఫలితాలొచ్చాయి. ఇరవై తొమ్మిది అచ్చుగుద్దినట్టు కలిశాయి. పదిహేడు కలవలేదు. తోబుట్టువుకి కిడ్నీ ఇస్తానని వచ్చిన మనిషి నమూనా అది. ‘రెండుసార్లు పరీక్షించడమైనది. సరిపోదు’ అని రిజిస్టరులో పెద్దక్క చేతిరాత, కింద సంతకం. కొత్త మిషనేమో పూర్తిగా సరిపోతుందంది. ఆ రోగి కిడ్నీ దొరక్క ఎనిమిది నెలలకు చనిపోయినట్టు ఫైలులో ఉంది.

జూనియరుకి మనసొప్పలేదు. అదే గొట్టంలోది తీసి పాత పద్ధతిలోనే మళ్లీ చేశాడు. గీతలు స్పష్టంగా పడ్డాయి. పాత పద్ధతి కూడా సరిపోతుందనే చెప్పింది. ఆ గీతలు నిన్నగాక మొన్న చేరినవాడైనా చదవగలడు.

“పద్ధతి తప్పు కాదక్కా” అన్నాడు మెల్లిగా. “చదవడమే తప్పయింది.”

పెద్దక్క కుర్చీలో కూలబడింది. ఆ రోజు కళ్లు మసకలు కమ్మాయేమోనంది. ఒంట్లో బాగాలేదేమోనంది. చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. జూనియరు చేతిలోని జెల్ ఫోటో వైపు చూశాడు. ఈవిడ దగ్గర ఓనమాలు దిద్దుకుని ఈవిడ మొహానికే మసి పూయాలా అనుకున్నాడు. కొత్త జెల్ ఫోటో చింపేసి, నివేదికలో ‘పాత పద్ధతి లోపం’ అని రాశాడు. ఎంతైనా పద్ధతి నోరూ వాయీ లేనిది, ఎదురు చెప్పదు.

“మీరేమన్నా కావాలని చేశారా అక్కా?” అన్నాడు. “పాపం, ఆ కిడ్నీ ఇస్తానన్న మనిషికి తెలియకపోతే అంతే చాలు. తెలిస్తే తట్టుకోలేరు.”

పెద్దక్క తల ఊపింది.

అంతలో వదిన ఫోను చేసింది. తిన్నావా అని అడిగింది. తిన్నానని చెప్పి, పెద్దక్క క్యారేజీని చెత్తబుట్టలో బోర్లించి, శుభ్రంగా కడిగి సంచిలో పెట్టుకుంది.

పదిహేడో నమూనా పెద్దక్కదే.