పొయ్యి లేనివాడి పోగు

పెళ్లాం చచ్చినవాడికి వేటలో వాటా లేదు. దుప్పి తన జీడితోటలోనే ఉచ్చులో పడినా సరే, జనార్దనరావుకు వాటా లేదు. పొయ్యి వెలిగే ఇంటికే మాంసం పోగు. సూరమ్మ పోయిన దగ్గర్నుంచి ఆ ఊళ్లో అతనికి ఇదే న్యాయం.

"ఏటి మావా, అలా సూత్తన్నావు? పచ్చిమాంసం తింతావేటి?" అన్నాడు పైడిరాజు. దుప్పిని కోస్తున్న కత్తి మాత్రం ఆగలేదు.

"ఒక్క తొడ ఇయ్యండిరా. నానే వొండుకుంతాను."

"నువ్వా? గంజి వార్సడం వచ్చా నీకు?" యువరాజు పకపకా నవ్వాడు.

జయకృష్ణ ఎండు జీడాకులు మంటేసి కార్జం కాలుస్తున్నాడు. ముగ్గురూ తలో ముక్క నోట్లో వేసుకున్నారు. మిగతా మాంసానికి ఉప్పూ పసుపూ రాసి దండెం మీద ఆరేస్తే ఎన్నాళ్లు నిలవ ఉంటుందో మాట్లాడుకున్నారు. జనార్దనరావు వైపు ఎవరూ చెయ్యి చాపలేదు.

అతను కోప్పడలేదు. ఆవేళ తెల్లవారుతూనే, ఉచ్చులో దుప్పి ఇంకా కాళ్లు కొట్టుకుంటూ ఉండగానే, గెడ్డవాగు అవతలికి పోయి ఫారెస్టు ఆఫీసుకు ఫోన్ చేశాడు. పేరు చెప్పలేదు. తోట గుర్తులు చెప్పాడు. పంచుకునే వేళకు వస్తే అందరూ మాంసంతో సహా దొరుకుతారన్నాడు. తన చేతిలో ఎలాగూ ఏమీ ఉండదు. జీపు వచ్చేదాకా వీళ్లను ఇక్కడ నిలబెడితే చాలు.

అడ్డాకులు పరిచి పోగులు పెట్టారు.

"పేర్లు నువ్వే సెప్పు మావా," అన్నాడు పైడిరాజు. "నీకెలాగూ వాటా నేదు. నీకన్నా నికార్సయిన మడిసి మాకెక్కడ దొరుకుతాడు?"

అది అక్కడి పద్ధతి. వాటా లేనివాడు పోగులకు వీపు పెట్టి నిలబడతాడు. వెనకున్నవాడు ఏదో ఒక పోగు మీద చెయ్యి పెట్టి ఇది ఎవరిదని అడుగుతాడు. ఇతను చూడకుండా ఒక పేరు చెబుతాడు. ఆ పేరు గలవాడు ఆ పోగు తీసుకుపోవాలి. ఎక్కువ తక్కువల తగువు ఉండదు.

జనార్దనరావు వీపు తిప్పాడు. ఎదురుగా పలాస నుంచి వచ్చే మట్టిదారి. దూరంగా, దారి చివర దుమ్ము లేచింది.

"ఇది ఎవుడిది?"

అతను తాపీగా దగ్గాడు. గొంతు సవరించుకున్నాడు. "యువరాజుది."

"నాదే." వెనక ఎండాకులు చప్పుడయ్యాయి.

"బేగి సెప్పు మావా, ఈగలు ముసురుతున్నాయి. ఇది?"

"ఉండరా, ఆలోసించుకోనీ." దుమ్ము దగ్గరవుతోంది. "జయకృష్ణది."

"నాదే." మళ్లీ ఆకుల చప్పుడు.

"ఇది?"

"నీదే పైడిరాజూ."

దుమ్ములోంచి జీపు ముక్కు కనిపించింది.

"ఇది ఎవుడిది?" పైడిరాజు మళ్లీ అడిగాడు.

"అయిపోనాయి గదరా. మీరు ముగ్గురే గదా!"

"నాలుగు పోగులెట్టినాం మావా. ఇది నీది. మా యింటిది పెమోదిని ఊరుకోనేదు. సూరమ్మత్త ఉంటే మనకి పెట్టకుండా తినీదా అని ఒకటే తిట్టు. మాపిటికి మా ఇంటికి రా. వొండి పెడతాది."

అన్నానికి రమ్మని జనార్దనరావును పిలిచినవాళ్లు లేక ఎంత కాలమయిందో. జీపు గెడ్డలోకి దిగింది. ఇప్పటికీ మించిపోలేదు. చెట్లలోకి దూరితే దొరకరు.

"పరిగెత్తండిరా! ఫారెస్టోళ్లు వచ్చేత్తన్నారు! ఫోన్ సేసింది నానే!"

వెనక ఎవరూ పరిగెత్తిన అలికిడి లేదు. తిరిగి చూశాడు.

యువరాజు లేడు. జయకృష్ణ లేడు. నాలుగు పోగులూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కాస్త దూరంలో పైడిరాజు ఒక్కడే, మట్టితో చేతులు తోముకుంటున్నాడు.

"తెలుసు మావా. ఆ ఫోనెత్తినోడు మా తోడల్లుడు." చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "వాటా వాటా అని సచ్చిపోతన్నావు గదా. నాలుగూ నీయే."

అతని వెనక జీడికొమ్మలు కదిలి ఆగాయి.

జీపు వచ్చి నిలిచింది. రేంజరు దిగి పోగులు చూశాడు. నెత్తురు ఇంకని నేల చూశాడు. జనార్దనరావును చూశాడు.

"ఇంత దుప్పి నువ్వొక్కడివే కొట్టావా? పేర్లు చెప్పు. నిన్ను వదిలేస్తాను."

జనార్దనరావు వంగి, ఒక పోగు ఆకుతో సహా ఎత్తి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అన్నీ నాయే. పేర్లు సెప్పడం అయిపోనాది బాబూ. ఇంక సచ్చినా నన్నడక్కండి."