ఆఖరి కొవ్వొత్తుల కట్ట

“గాలికి తొందరగా ఆరిపోనివి ఇయ్యి. లావువి,” అన్నాడు కేసా, గల్లాపెట్టె మీద మోచేతులు ఆనించి.

“ఇంట్లో గాలేంది మామా?” బాబూరావు నవ్వాడు.

“తడకల ఇల్లాయె. మా వైపు కరెంటు పోయింది. పిల్లలు భయపడుతున్నరు.”

కిష్టారం దారిలో ఆ చుట్టుపక్కలకి ఒక్కటే దుకాణం బాబూరావుది. తెల్లారితే ఈస్టర్. తెప్పించిన కొవ్వొత్తులన్నీ అమ్ముడైపోయాయి. పై అరలో మిగిలిన ఒక్క కట్ట ఆయతిది. తెల్లవారుజామున చీకటుండగానే వచ్చి పట్టుకెళ్తానని ఫోన్ చేసి చెప్పింది.

“అది వేరేవాళ్ల కోసం పెట్టింది మామా.”

“వాళ్లేరి? నేను నీ ఎదురుగ ఉన్న.”

బాబూరావు లెక్క వేసుకున్నాడు. రేపటి మాట ఒక పక్క, ఇప్పటి బేరం ఒక పక్క. వాగు అవతల పుట్టింట్లో ఉంటున్న ఆయతి అంత పొద్దున్నే వస్తుందని నమ్మకమేంటి? తక్కెడ బేరం వైపే మొగ్గింది.

చీకటి విడవకముందే ఆయతి తలుపు కొట్టింది.

“అన్నా, నా కట్ట?”

“అమ్మేశానమ్మా... కేసాకి.”

ఆ పేరు వినగానే ఆమె మొహం వాడిపోయింది. కేసా ఆమె భర్త నందకి సొంత అన్న. నిరుడు నంద పోయినప్పుడు, చర్చికి పోయేవాడిని పెద్దల పక్కన పూడ్చొద్దని ఊరు కూర్చుని తేల్చింది. అన్న అయ్యుండీ కేసా తలూపాడు. చివరికి నందని సొంత పొలం గట్టునే పూడ్చారు.

“ఈ ఒక్కరోజైనా ఆయన దగ్గర దీపం ఉండాలనుకున్నా,” అంది ఆయతి.

“అసలు ఈ పండగేందమ్మా?”

“చచ్చినోళ్లు మట్టిలోనే ఉండిపోరని అన్నా.”

బాబూరావుకి ఎక్కడో గుచ్చుకుంది. టార్చి అందుకున్నాడు. “పద. సగమన్నా అడిగి ఇప్పిస్తా.”

కేసా ఇంటి ముందు బల్బు దర్జాగా వెలుగుతోంది. అతని భార్య ఇర్మా బయటికొచ్చింది.

“కరెంటా? పోనేలేదే! మనిషే ఎప్పుడు లేచి ఎటు పోయిండో.”

“చూశావా, నన్నే ముంచాడు! సంతలో రెట్టింపుకి అమ్ముకోడానికి పోయుంటాడు,” బాబూరావు పళ్లు నూరాడు.

“తిట్టకన్నా, పండగ పూట. బావకి ఏం అవసరమొచ్చిందో.” ఆయతి పొలం దారి పట్టింది.

బాబూరావు వెలుగు చూపిస్తూ వెనకే నడిచాడు. “ఇంత చవగ్గా క్షమిస్తే నీకే నష్టమమ్మా.”

“నష్టపోయిన దేవుడి పండగే అన్నా ఇది.”

ఈ ఆడమనిషితో బేరమాడి గెలవలేననుకున్నాడు బాబూరావు. గట్టు మలుపు తిరగ్గానే టార్చి ఆర్పేశాడు. దాంతో ఇంక పని లేకపోయింది.

నంద సమాధి మీది కొవ్వొత్తులకి గాలి తగలకుండా, కేసా రెండు చేతులూ అడ్డం పెట్టి కూర్చున్నాడు.